లోపలా, బయటా? పిల్లలే చెప్పాలి

వేసవి వస్తే కాలనీ గేట్ల దగ్గర, అపార్టుమెంట్ నోటీసు బోర్డుల మీద టెన్నిస్ సమ్మర్ క్యాంపుల పాంప్లెట్లు వెలుస్తాయి. క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం, నాయకత్వం అన్న మూడు మాటలు వాటిలో దాదాపు అన్నింటిలోనూ ఉంటాయి. రాకెట్ పట్టుకుని బంతి కొట్టినంత మాత్రాన ఈ మూడూ రావు. వరసలో నిలబడి, కోచ్ విసిరిన బంతిని వంతుకొకటి కొట్టి, మళ్లీ వరస చివరికి వెళ్లే పిల్లకు ఫోర్‌హ్యాండ్ కొంత వస్తుంది, ఓపిక కొంత నశిస్తుంది. అంతకు మించి ఏమీ జరగదు.

పిల్లల స్థాయిలో టెన్నిస్‌కున్న ప్రత్యేకత ఒకటే: అక్కడ అంపైర్ ఉండడు. అవతలివాడు కొట్టిన బంతి నా గీత లోపల పడిందో బయట పడిందో చెప్పాల్సింది నేనే. నాకు నష్టమైనా నిజమే చెప్పాలి, అదీ అర సెకనులో, పైకి వినబడేలా. తొమ్మిదేళ్ల పిల్లవాడి చేతికి ఇంత అధికారం, ఇంత బాధ్యత ఇచ్చే ఆటలు తక్కువ. కాలనీలోనో మున్సిపల్ గ్రౌండ్‌లోనో పిల్లలకు టెన్నిస్ నేర్పేవాళ్లు ఈ ఒక్కదాన్ని కాపాడుకుంటే చాలావరకు మిగతావి వాటంతట అవే వస్తాయి. పెద్దవాళ్లు మధ్యలో దూరి తీర్పులు చెప్పడం మొదలుపెడితే, మిగిలేది వ్యాయామమే.

ఆటతో పాటు నడవడిక నేర్పే సామాజిక టెన్నిస్‌కు గట్టి మూలాలు అమెరికాలోని వర్జీనియాలో కనిపిస్తాయి. నల్లజాతి పిల్లలకు తెల్లవాళ్ల కోర్టుల్లో ప్రవేశం లేని రోజుల్లో, లించ్‌బర్గ్ ఊళ్లో డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అనే వైద్యుడు తన ఇంటి కోర్టులో వేసవి సెలవుల్లో పిల్లలకు శిక్షణ ఇచ్చేవాడు. తర్వాత టెన్నిస్ చాంపియన్లయిన ఆల్తియా గిబ్సన్‌కూ, ఆర్థర్ ఆష్‌కూ దారి చూపింది ఆయనే. ఆయన పెట్టిన నియమాలు కఠినమైనవి. గీతకు రెండంగుళాల దాకా బయట పడ్డ బంతినీ లోపల పడినట్టే భావించి ఆడాలి. తీర్పు మీద వాదించకూడదు. వైపులు మారేటప్పుడు బంతులు ఏరి ప్రత్యర్థి చేతికి ఇవ్వాలి. నల్ల పిల్లలు గొడవపడ్డారనో మోసం చేశారనో సాకు చూపి టోర్నమెంటు నుంచి వెళ్లగొట్టే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. అంత అన్యాయమైన భారం ఏ పిల్లల మీదా పడకూడదు. అయితే ఆ భారంలోనే పెరిగిన ఆష్ 1968లో యూఎస్ ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచాడు. మధ్యలో, 1969లో, చార్లీ పాసరెల్, షెరిడాన్ స్నైడర్‌లతో కలిసి బస్తీ పిల్లల కోసం నేషనల్ జూనియర్ టెన్నిస్ లీగ్ మొదలుపెట్టాడు. అది ఇవాళ్టికీ నడుస్తోంది. పేరులో లీగ్ పోయి లెర్నింగ్ వచ్చింది, టెన్నిస్‌తో పాటు చదువూ చేరింది.

మన దగ్గరికి వద్దాం. 2005లో సానియా మీర్జా హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ టైటిల్ గెలిచాక ఇక్కడ టెన్నిస్ అనగానే తల్లిదండ్రుల కళ్ల ముందు ఆమే మెదులుతుంది. కాలనీ కోర్టుకు వచ్చే పిల్లల్లో ఆ దాకా వెళ్లేవాళ్లు ఎవరో ఒకరు, లేదా ఎవరూ ఉండరు. నేను చెబుతున్నది తక్కినవాళ్ల గురించి.

ముందు ఆట జరగాలి. పదేళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్ల కోర్టు, పెద్దవాళ్ల బంతి ఇస్తే అక్కడ ఆటంటూ ఉండదు. మామూలు టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేస్తుంది. ఏడేళ్ల పిల్లకు అది తల మీది సంగతి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య పదేళ్లు, అంతకు తక్కువ వయసు పోటీల్లో మామూలు పసుపు బంతిని 2012 నుంచి పక్కన పెట్టించింది. వాటి బదులు ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులున్నాయి. అదే ఎత్తు నుంచి వదిలితే ఎర్ర బంతి 90–105, నారింజ 105–120, ఆకుపచ్చ చుక్క బంతి 120–135 సెంటీమీటర్లు లేస్తాయి. ఎర్ర బంతులు దొరక్కపోతే గోడ మీద టేపుతో కొలిచి 254 దగ్గర ఒక గీత, 90 దగ్గర ఒకటి, 105 దగ్గర ఒకటి సుద్దతో గీయండి. క్లబ్బుల్లో పారేసే పాత బంతుల్ని పై గీత నుంచి ఒక్కొక్కటే వదిలి చూడండి. కింది రెండు గీతల మధ్య ఆగినవి ఎర్ర బంతుల బుట్టలోకి, కొంచెం పైకి లేచినవి తర్వాతి బుట్టలోకి. ఈ పని పిల్లలతోనే చేయించవచ్చు, ఇష్టంగా చేస్తారు.

ఎర్ర బంతి కోర్టు 11 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు, నెట్ ఎత్తు 80 సెంటీమీటర్లు. బ్యాడ్మింటన్ కోర్టు 13.4 మీటర్లకు 6.1 కాబట్టి చాలా అపార్టుమెంట్లలో ఉన్న కోర్టులోనే ఇది ఇమిడిపోతుంది, నెట్ దించుకుంటే చాలు. నెట్ లేకపోతే తాడు కట్టవచ్చు, కానీ ఒట్టి తాడు పనికిరాదు. బంతి తాడు పైనుంచి వెళ్లిందో కిందనుంచి వెళ్లిందో తేలక ప్రతి మూడో పాయింటుకూ గొడవ వస్తుంది. తాడు పొడవునా పాత చున్నీలు వేలాడదీస్తే ఆ గొడవ ఉండదు. సిమెంటు మీద సుద్ద, మట్టి మీద ముగ్గుపిండి గీతలకు సరిపోతాయి. సున్నం పిల్లల చేత వేయించకండి, కళ్లలో పడితే ప్రమాదం. గీతలు మాత్రం ఉండి తీరాలి, చెరిగిపోతే ఆట మధ్యలోనైనా మళ్లీ గీయాలి. గీత కనిపించని చోట నిజాయితీ గురించి మాట్లాడటం అనవసరం.

రాకెట్ 19 నుంచి 26 అంగుళాల దాకా పిల్లల కొలతల్లో దొరుకుతుంది. పిల్ల నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలినప్పుడు రాకెట్ కొన నేలకు ఆనీ ఆననట్టు ఉంటే అది సరైన కొలత. నేలకు తగిలి మోచెయ్యి మడవాల్సి వస్తే పెద్దదైపోయినట్టు. ‘ఎదిగే పిల్ల కదా, రెండేళ్లు వస్తుంది’ అని 27 అంగుళాల రాకెట్ కొనే తల్లిదండ్రులు చాలామంది. ఆ రాకెట్‌తో పిల్ల రెండు చేతులతోనూ గుద్దడమే నేర్చుకుంటుంది, మణికట్టు నొప్పి దానికి అదనం.

పదహారు మంది పిల్లలకు నాలుగు చిన్న కోర్టులు, ఒక కోచ్, ఇద్దరు సహాయకులు ఉంటే 75 నిమిషాల తరగతి బాగా సాగుతుంది. మొదటి పది నిమిషాలు నెట్లు కట్టడం, గీతలు చూసుకోవడం, పలకరింపులు. తర్వాత పది నిమిషాలు జంటలుగా బంతి కింది చేత్తో విసిరి ఒక గెంతు తర్వాత పట్టుకోవడం. రాకెట్ పట్టకముందే బంతి ఎక్కడ పడుతుందో కంటికి తెలియాలి. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ర్యాలీ. ఇందులో అవతలివాడు ప్రత్యర్థి కాదు, జంట. ఇద్దరూ కలిసి ఆపకుండా ఎన్ని కొట్టారో పైకి లెక్కపెట్టాలి. ఇవాళ ఆరు వస్తే వచ్చేవారం లక్ష్యం ఎనిమిది, ఆ అంకె వాళ్లే నోటు పుస్తకంలో రాసుకోవాలి. లక్ష్యాల గురించి ఇంతకంటే ఉపన్యాసం అవసరం లేదు. తర్వాతి ఇరవై అయిదు నిమిషాలు పాయింట్లు ఆడటం, ఏడుకు ముందు చేరినవాళ్లు గెలిచినట్టు. ఆఖరి పది నిమిషాలు సర్దడం.

కోర్టుకు నలుగురు. ఇద్దరు ఆడుతుంటే ఒకరు స్కోరు పలకలు తిప్పాలి, ఒకరు బంతులు ఏరి అందించాలి. పాయింట్లు ఆడే ఆ ఇరవై అయిదు నిమిషాలే అసలు తరగతి. చాలా చోట్ల కోచ్‌లు దీన్నే కోసేస్తారు, ‘ఇంకా స్ట్రోకులు రాలేదు, అప్పుడే మ్యాచ్ ఏంటి’ అని. స్ట్రోకులు రాకముందే ఆడించాలి. కింది చేత్తో సర్వ్ చేసినా సరే.

ఇక గీత దగ్గర పడ్డ బంతి సంగతి. దీన్ని నేర్పడానికి ఒక క్రమం ఉంది. మొదటివారం ఆట వద్దు, చూపు మాత్రమే. పిల్లల్ని గీత వెంబడి నిలబెట్టి బంతుల్ని గీతకు అటూ ఇటూ వదలండి. తర్వాత అదే బంతుల్ని ఆడేవాళ్లు నిలబడే చోటు నుంచి చూడమనండి. గీత పొడవునా చూసినప్పుడు స్పష్టంగా తెలిసింది, అడ్డంగా చూసినప్పుడు తెలియదు. దూరపు గీత మీద ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా చెబుతారు, ఇద్దరూ చూసిందే చెబుతారు. ఇది పిల్లలకు స్వయంగా అనుభవంలోకి రావడం చాలా ముఖ్యం. అవతలివాడు తప్పు చెప్పినంత మాత్రాన అబద్ధం చెప్పినట్టు కాదని అప్పుడే తెలుస్తుంది. ఈ అరగంట చేయించకుండా ఆటలోకి దింపిన చోట, మొదటి మ్యాచ్‌లోనే ‘చీటింగ్ చేస్తున్నాడు సార్’ అన్న ఫిర్యాదు వస్తుంది.

రెండోవారం నియమాలు. గీతకు అంచు తగిలినా బంతి లోపలే. లోపల పడితే ఏమీ అనకూడదు, ఆట సాగాలి. బయట పడితేనే వెంటనే, అవతలివాళ్లకు వినబడేలా ‘అవుట్’ అనాలి, చెయ్యి కూడా ఎత్తి చూపాలి. తిరిగి కొట్టి, అది నెట్‌కు తగిలాక ‘నీది అవుట్ కదా’ అంటే చెల్లదు. చూడలేదా? అనుమానంగా ఉందా? అయితే బంతి లోపల పడినట్టే; ఆట ఆపేస్తే పాయింటు ప్రత్యర్థిది. డబుల్స్‌లో భాగస్వాములిద్దరూ చెరోమాట అంటే బంతి లోపలే పడినట్టు.

అనుమానం వస్తే పాయింటు అవతలివాళ్లకు ఇవ్వాలన్న ఈ నియమం దగ్గరే మన పిల్లలు గట్టిగా అడ్డం తిరుగుతారు. ‘లెట్ అనుకుందాం, మళ్లీ ఆడదాం’ అంటారు. గల్లీ క్రికెట్ అలవాటు అది. పెద్దలకు కూడా అదే న్యాయంగా తోస్తుంది, ఇద్దరికీ నష్టం లేదు కదా అని. ఒప్పుకోకండి. చూడాల్సిన బాధ్యత ఎవరిదో, చూడనందుకు నష్టమూ వాళ్లదే అని ఈ నియమం చెబుతుంది. మళ్లీ ఆడితే ఆ నష్టంలో సగం, బాగా కొట్టిన పిల్లవాడి మీద పడుతుంది. ఈ తర్కం ఎనిమిదేళ్ల పిల్లలకు చెబితే అర్థమవుతుంది, అదీ కోర్టులో బంతి పడ్డ చోటే నిలబడి చెబితే.

తప్పుగా ‘అవుట్’ అన్నాక, అయ్యో లోపలే పడింది అని తనే గ్రహిస్తే? అంతర్జాతీయ నియమాల ప్రకారం మొదటిసారి ఆ పాయింటు మళ్లీ ఆడతారు, బంతి ఎలాగూ అందనిదైతే కొట్టినవాళ్లకే పాయింటు. అదే మ్యాచ్‌లో రెండోసారి అలా జరిగితే అన్నవాళ్లు పాయింటు కోల్పోతారు. పిల్లలకు ఇందులో నేర్పాల్సింది తప్పు దిద్దుకోవడానికి దారి ఉందన్న సంగతి. దిద్దుకున్న పిల్లను ఆ క్షణంలో పేరు పెట్టి మెచ్చుకోండి. గెలిచినవాళ్లకు చప్పట్లు కొట్టడానికి వేరేవాళ్లు ఉంటారు.

ప్రత్యర్థి చెప్పింది నచ్చకపోతే ఒక్కసారి అడగవచ్చు: ‘బాగా చూశావా?’ అవునంటే అక్కడితో సరి. మట్టి కోర్టు మీదైతే బంతి పడ్డ గుర్తు చూపించమని అడగవచ్చు. పక్కన పలకలు తిప్పే పిల్లలకు ఒకటే షరతు: నోరు విప్పకూడదు. వాళ్లు చెప్పేది నిజమే అయినా సరే. బయటి నుంచి ఒకసారి తీర్పు వస్తే, ఆడే పిల్లలు ఇక బంతి వైపు కాదు, వాళ్ల వైపు చూస్తారు.

అన్నీ నేర్పాక కూడా కావాలని తప్పు చెప్పే పిల్లలు ఉంటారు. అప్పుడు కోచ్ చేయాల్సింది, ఒకటి రెండు బంతులకే తేల్చేయకుండా చూడటం. దగ్గరి గీతల మీద కూడా, కీలకమైన పాయింట్లలోనే, ఎప్పుడూ తనకు లాభంగానే పొరపాట్లు వస్తుంటే అది చూపు సమస్య కాదు. వెళ్లి ఆ కోర్టు పక్కన ఊరికే నిలబడండి, ఏమీ అనకండి. చాలాసార్లు అంతటితో ఆగుతుంది. ఆగకపోతే తరగతి అయ్యాక, మిగతా పిల్లలకు వినబడకుండా, అందరికీ కనిపించే చోటే మాట్లాడండి. ‘ఎందుకు చీట్ చేశావ్’ అని కాదు, ‘ఓడిపోతే ఇంట్లో ఏమంటారు?’ అని అడగండి. జవాబు తరచుగా అక్కడే దొరుకుతుంది. ఆ పిల్లవాడి మ్యాచ్ ఫలితాలు కొన్ని వారాలు ఎక్కడా రాయకపోవడం మంచి వైద్యం. అందరి ముందూ సారీ చెప్పించడం మాత్రం చేయకండి. అవమానపడ్డ పిల్ల వచ్చేవారం నిజాయితీగా మారి రాదు, అసలు రానే రాదు.

మోసపోయిన పిల్లను కూడా పట్టించుకోవాలి. ‘వాడు రెండు తీసుకున్నాడు, నేనూ రెండు తీసుకుంటా’ అన్న లెక్క చాలా వేగంగా పాకుతుంది. ఆ పిల్ల చేయగలిగినవి రెండే: అడగడం, అవసరమైతే ఆట ఆపి కోచ్‌ను పిలవడం. పిలవడం చాడీ కాదని ముందే చెప్పి ఉంచాలి.

స్కోరు విషయానికొస్తే, ప్రతి పాయింటుకు ముందు సర్వ్ చేసేవాళ్లు స్కోరు పైకి చెప్పాలి, తమది ముందు, అవతలివాళ్లది తర్వాత. టెన్నిస్‌లో మొదటి పాయింటుకు 15, రెండోదానికి 30, మూడోదానికి 40 అని లెక్కపెడతారు. చిన్నపిల్లలకు ఆ ఫిఫ్టీన్, థర్టీ వద్దు. ఒకటి, రెండు, మూడు చాలు, తెలుగులో చెప్పినా చాలు. బిడియస్థులైన పిల్లలకు ఇది ఆటలోకెల్లా కష్టమైన భాగం. ‘గట్టిగా చెప్పు!’ అని అరిస్తే ఆ గొంతు ఇంకా లోపలికి పోతుంది. దానికి బదులు ఒక చిన్న ఏర్పాటు చేయండి. వినబడితే అవతలివాళ్లు రాకెట్ ఎత్తాలి, రాకెట్ లేచే దాకా సర్వ్ చేయకూడదు. గొంతు పెంచమని ఎవరూ అనకుండానే పెరుగుతుంది, ఎందుకంటే పెంచకపోతే ఆట మొదలవదు. నాకు తెలిసి బిడియం పోగొట్టడానికి కాలనీ కోర్టులో ఇంతకంటే మంచి సాధనం లేదు.

స్కోరు మీద గొడవ వస్తే దాన్ని తీర్చే పద్ధతి కూడా నియమాల్లోనే ఉంది, చాలామందికి తెలియదు. ఒకరు 40–30 అంటున్నారు, ఇంకొకరు 30–40 అంటున్నారు. తేడా మొదటి పాయింటు ఎవరిదన్న దగ్గరే ఉంది, మిగతా నాలుగు చెరి రెండని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. అప్పుడు 30–30 నుంచి ఆడాలి. అంటే ఒప్పుకున్నవి నిలుస్తాయి, ఒప్పుకోని దాన్నే మళ్లీ ఆడతారు. కోచ్ వచ్చి ‘ఎవరిది రైట్?’ అని అడగకూడదు. ‘ఏ పాయింట్లు ఇద్దరికీ గుర్తున్నాయి?’ అని అడిగి రెండు నిమిషాలు పక్కకు జరగాలి. పిల్లలు ఒక్కో పాయింటూ వెనక్కి చెప్పుకుంటూ వెళ్తారు, ‘నీ బంతి నెట్‌కు తగిలింది చూడు, అది’ అంటూ. తగాదాలో ముందు ఒప్పుకున్నవి ఏరుకోవడం వాళ్లకు అలవాటవుతుంది. కోచ్ తొందరపడి తీర్పు చెబితే ఆటకు రెండు నిమిషాలు కలిసొస్తాయి, ఈ అలవాటు పోతుంది.

ఓటమిని తట్టుకోవడం గురించి అందరూ మాట్లాడతారు. మ్యాచ్ ఓడిపోవడం కన్నా ముందు, ఒక పాయింటు పోవడాన్ని తట్టుకోవడం నేర్పాలి. పాయింటుకూ పాయింటుకూ మధ్య నియమాలిచ్చే గరిష్ఠ సమయం 25 సెకన్లు. డబుల్ ఫాల్ట్ అయిన (రెండు సర్వులూ తప్పి పాయింటు పోయిన) పిల్ల ఆ సమయం వాడుకోదు. కోపంగా, ఇంకా వేగంగా తర్వాతి సర్వ్ కొట్టేస్తుంది, అదీ బయట పడుతుంది. అందుకని ఒక వరస నేర్పాలి: నెట్‌కు వీపు తిప్పి రాకెట్‌ను రెండో చేతిలోకి మార్చుకోవడం, తీగల మీద చూపు పెట్టి నోటితో పొడవుగా ఊపిరి వదలడం, తర్వాతి బంతి ఎటు కొట్టాలో ఒక్కటి నిర్ణయించుకోవడం, బంతిని రెండుసార్లు నేలకు కొట్టి సర్వ్ చేయడం. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు వీపు తిప్పడం, ఊపిరి వదలడం చాలు. ఇది మాటల్లో చెబితే రాదు. ర్యాలీ సాధనలో బంతి పోయిన ప్రతిసారీ చేయించాలి, గెలిచిన పాయింటు తర్వాత కూడా. ఓడినప్పుడు మాత్రమే చేయిస్తే పిల్లలకు అది శిక్షలా అనిపిస్తుంది.

రాకెట్ విసిరితే? రాకెట్ నెట్ దగ్గర పెట్టి రెండు నిమిషాలు కూర్చోవాలి, తర్వాత వచ్చి ఆడాలి. అందరికీ ఒకటే నియమం, ఉపన్యాసం లేదు. గ్రౌండ్ చుట్టూ పరుగులు, గుంజీలు శిక్షగా వేయకండి. పరుగును శిక్షగా వాడే చోట పిల్లలు పరుగును అసహ్యించుకోవడం నేర్చుకుంటారు.

పిల్లలు చేరిన వారంలోనే తల్లిదండ్రులకు పదిహేను నిమిషాల సమావేశం పెట్టాలి, ఆలస్యం చేస్తే ఇక అలవాట్లు మారవు. కూర్చునే చోటు కోర్టుకు కనీసం పది మీటర్ల దూరంలో, ఒకే వైపు, వీలైతే నీడలో. లోపలికి మాటలు వద్దు, సైగలు కూడా వద్దు. ప్రతి పాయింటు తర్వాత పిల్ల నాన్న ముఖం చూస్తుంటే, ఆ 25 సెకన్లూ నాన్న ఖాతాలోకి పోయినట్టే. బ్యాగు, నీళ్ల సీసా పిల్లే మోసుకోవాలి, మర్చిపోతే ఇంటి నుంచి తెచ్చి ఇవ్వకూడదు. నీళ్లు కోర్టు దగ్గర ఎలాగూ ఉంటాయి, మిగతావి లేకుండా ఒకరోజు గడవనీయండి. ఇంటికి వెళ్లే దారిలో ‘గెలిచావా?’ అన్న ప్రశ్నకు బదులు ‘ఇవాళ అనుమానం వచ్చిన బంతి ఏదైనా పడిందా, ఏం చేశావ్?’ అని అడగమనండి. పక్కింటి అబ్బాయితో పోలికలు వద్దని కూడా చెప్పాలి, మొహమాటపడకుండా.

నాకు అన్నింటికన్నా బాధ కలిగించే దృశ్యం ఒకటుంది. సభ్యుల పిల్లలు ఆడుతుంటారు, వాళ్ల వయసు పిల్లలే, గ్రౌండ్ పనివాళ్ల పిల్లలో వాచ్‌మెన్ పిల్లలో, బంతులు ఏరి అందిస్తుంటారు. ఇలాంటి చోట ఆడే పిల్లలు నేర్చుకునే జీవన పాఠం ఏమిటో పెద్దలు ఆలోచించాలి. ఆర్థర్ ఆష్ నాన్న రిచ్‌మండ్‌లో నల్లవాళ్ల పార్కు చూసుకునే ఉద్యోగి. ఆ పార్కులోని ఇంట్లోనే ఆ కుటుంబం ఉండేది, గుమ్మం దాటితే టెన్నిస్ కోర్టు. ఆ పిల్లవాడి చేతికి రాకెట్ బదులు బంతుల బుట్ట ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

సామాజిక కార్యక్రమం అని పేరు పెట్టుకున్నాక వాచ్‌మెన్ కూతురు కూడా అదే జాబితాలో, అదే వరసలో ఉండాలి. బంతులు ఏరడం అందరి వంతు. ఫీజు కట్టలేని పిల్లల పేర్లు కోచ్‌కూ లెక్కలు చూసేవాళ్లకూ తప్ప ఎవరికీ తెలియకూడదు, ‘స్పాన్సర్ చేసిన పిల్లలు’ అని ఫొటోలు పెట్టకూడదు. రాకెట్లు ఉమ్మడిగా ఉంచితే ఈ తేడా సగం పోతుంది. పదహారు మందికి ఎనిమిది నుంచి పది రాకెట్లు చాలు, 21, 23, 25 అంగుళాలవి కలిపి. ఒకేసారి ఆడేది ఎనిమిది మందే కదా. అరిగిన గ్రిప్ టేపు మార్చడం పిల్లలకే నేర్పవచ్చు. బూట్లు అసలు అడ్డంకి. చెప్పులతో ఆడనివ్వకూడదు, చీలమండ మెలిపడుతుంది. వేసవిలో సిమెంటు మీద వట్టి కాళ్లూ కుదరదు. పొట్టివైపోయిన బూట్లను ఇళ్ల నుంచి సేకరించి, సైజు రాసి, ఒక పెట్టెలో ఉంచండి. ఎవరైనా తీసుకోవచ్చు, పెట్టవచ్చు.

పన్నెండు, పదమూడేళ్లకు అమ్మాయిలు మానేస్తారు. ఆసక్తి పోయిందని అనుకోవడం తేలిక. గడియ పడే బాత్రూమ్ లేదు, తరగతి చీకటి పడ్డాక ముగుస్తుంది, పెద్దవాళ్లలో ఒక్క మహిళా లేదు, స్కర్ట్ వేసుకోవాలంటున్నారు: అసలు కారణాలు ఎక్కువగా ఇవీ. లెగ్గింగ్స్ అయినా ట్రాక్ ప్యాంటు అయినా ఆ అమ్మాయి ఇష్టం. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో బ్యాండేజీలు, ఐస్ ప్యాక్‌తో పాటు శానిటరీ ప్యాడ్లు ఉండాలి, అవి ఉన్నాయని అమ్మాయిలకు తెలిసి ఉండాలి.

పిల్లల భద్రతకు కొన్ని నియమాలు రాసి గోడకు అంటించాలి. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు కోర్టు దగ్గర ఉండాలి. కోచ్ ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. సందేశాలు తల్లిదండ్రుల గ్రూపులోకే, పిల్లల సొంత ఫోన్లకు కాదు. స్ట్రోక్ దిద్దడానికి చెయ్యి పట్టుకోవాల్సి వస్తే ముందు చేసి చూపించాలి, అప్పటికీ రాకపోతే అడిగి పట్టుకోవాలి, వద్దంటే ఊరుకోవాలి. వద్దనే హక్కు తనకుందని పిల్లకు తెలియడం కూడా ఇక్కడ నేర్పాల్సిన వాటిలో ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరుకు మొదలుపెట్టి ఏడుంబావుకు ముగించండి, పావుగంటకోసారి అందరూ ఆగి నీళ్లు తాగాలి. దాహం వేసినవాళ్లే తాగుతారంటే చిన్నపిల్లలు ఆటలో పడి మర్చిపోతారు.

ఏడాది దాటాక పన్నెండేళ్లు పైబడ్డ పిల్లలు ఎర్ర బంతి కోర్టులకు సహాయకులుగా రావచ్చు. చిన్నవాళ్లు ‘అక్కా’, ‘అన్నా’ అంటూ కోచ్ దగ్గర కంటే వీళ్ల దగ్గర తేలిగ్గా నోరు విప్పుతారు. వీళ్లకు ఒక్కొక్కరికీ ఒక్క కోర్టే, నలుగురు పిల్లలే. విజిల్ ఇవ్వకండి, శిక్షించే అధికారం అసలు ఇవ్వకండి. ముందు రోజు పది నిమిషాలు కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్పండి: ఎవరి పేరు పెట్టి ఏం మెచ్చుకోవాలి, స్కోరు గొడవ వస్తే ఏ ప్రశ్న అడగాలి, ఎప్పుడు కోచ్‌ను పిలవాలి. వీళ్లు చేసే పెద్ద పొరపాటు, చిన్నవాళ్ల తరఫున ‘అవుట్’ అనేయడం. కోచ్ పరిగెత్తుకెళ్లి ఆపకుండా, తరగతి అయ్యాక ఒక్కమాట చెబితే సర్దుకుంటుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పరీక్షలని హాజరు పడిపోతుంది. ఆ రెండు నెలలూ కార్యక్రమం మూసేస్తే సగం మంది తిరిగి రారు, ముఖ్యంగా రాకెట్ సొంతానికి లేనివాళ్లు. ఆదివారం ఉదయం ఒక్క గంట తెరిచి ఉంచండి. కొత్త పాఠం వద్దు, హాజరు వద్దు, వచ్చినవాళ్లు వచ్చినట్టు పాయింట్లు ఆడుకుంటారు. అప్పటికి నెట్ కట్టడం, గీతలు గీయడం, జంటలు చూసుకోవడం పిల్లలకే వచ్చి ఉండాలి. రాకపోతే డిసెంబరు నుంచే మొదటి పది నిమిషాల పని మొత్తం వాళ్లకు వదిలేయడం ప్రారంభించండి. మొదట్లో పావుగంట పడుతుంది, పట్టనివ్వండి.